సప్పుడు లేని అర్ర

సూరత్ గోడాదరాలో ఇల్లు వెతుక్కునే మనవాళ్ళకి మొదట చెప్పే మాట ఒకటుండేది. ఎక్కడైనా దిగండి గానీ, కారం చిరుతిళ్ళు వేయించే ఫర్సాణ్ భట్టీ వెనక గల్లీలో చివరి గదిలో మాత్రం దిగకండి.

ఎందుకని అడిగితే... అక్కడ నిద్ర బాగా పడుతుంది, అనేవారు.

నవ్వొస్తుంది కదా? సూరత్‌కి మగ్గాల మీద బతకడానికి వచ్చినవాడికి నిద్రను మించిన సుఖం ఏముంది? రాత్రంతా కార్ఖానాలో ఖట్‌ఖట్, ఖట్‌ఖట్. తెల్లారి ఇల్లు చేరితే పక్క గల్లీలోనూ అదే ఖట్‌ఖట్. గోడలు అదురుతాయి, చెంబులో నీళ్ళు అదురుతాయి, కళ్ళు మూసుకుంటే రెప్పలు కూడా అదురుతాయి. అలాంటి చోట చప్పుడు వినపడని గది దొరికితే ఎగిరి గంతేసి దిగాలి. కానీ మకాన్‌మాలిక్ కిరాయి ఎంత తగ్గించినా ఆ గదికి తాళమే ఉండేది.

అందులో లింగవ్వ ఉందనేవారు.

సోమలింగం భార్య ఆమె. మొగుడిది నైట్ షిఫ్ట్. పగలు అతను పడుకుంటే చీమ చిటుక్కుమన్నా ఊరుకునేది కాదట. గిన్నె మోగితే — ష్... గల్లీలో పిల్లలు అరిస్తే — ష్... ఉల్లిగడ్డల బండివాడు కేకేసినా గడపలోకొచ్చి, పెదవుల మీద వేలు పెట్టి — ష్...

ఒకనాడు సోమలింగం పనిమీద ఊరెళ్ళినప్పుడు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చిన మనిషి ఇక లేవలేదు. జ్వరం లేదు, దెబ్బ లేదు. ముఖం కూడా వాడలేదట. నిద్రపోతున్నట్టే ఉందట. సోమలింగం వచ్చి, ఆమెను సొంతూరికి తీసుకుపోయి, మళ్ళీ సూరత్ మొహం చూడలేదు.

తర్వాత ఆ గదిలో దిగిన ఒడియా కుర్రాళ్ళు నెల తిరక్కుండానే మూటలు సర్దుకున్నారు. తలుపు వేసుకుంటే గోడలోంచి ష్... అని వినపడుతుందన్నారు. లేద్దామంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందన్నారు. కాళ్ళూ చేతులూ మాట వినవన్నారు.

ఇదంతా తెలిసే లత ఆ గది అడిగింది.

లతది జగిత్యాల వైపు పల్లె. మొగుడు సంపత్ ఉధ్నాలో మగ్గాలు నడుపుతాడు. వాళ్ళకి ఇంకా నడక రాని కూతురు, మున్ని. అప్పటికి వాళ్ళుంటున్న గదికి రెండు పక్కలా మగ్గాల షెడ్లే. సంపత్‌కి పగటి నిద్ర కరువైపోయింది. కళ్ళకింద గుంటలు పడ్డాయి. అన్నం ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీసేవాడు. ఒకరోజు మగ్గం ముందే కునుకొచ్చింది. చొక్కా చెయ్యి మగ్గం తిప్పే పట్టాలో పడింది. పక్క మగ్గం అతను చూసి కరెంటు ఆపబట్టి సరిపోయింది — వేలి గోరు ఊడింది, వేలు మిగిలింది.

"ఏం గాలే, గోరే గదా. మల్ల మొలుస్తది," అని సంపత్ నవ్వాడు.

లత నవ్వలేదు. గుడ్డ చుట్టిన ఆ వేలినే చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే సారక్క దగ్గరికి వెళ్ళింది.

సారక్క పెద్దామె. చాలా ఏళ్ళ కిందటే మొగుడితో వచ్చి ఆ భట్టీ వెనక గల్లీలోనే స్థిరపడింది. ఇంట్లో కూర్చుని చీరలకి రాళ్ళంటించే పని ఆమే లతకి నేర్పింది.

"అక్కా, మీ గల్లీల ఆఖరి అర్ర ఖాళీగున్నదంట గదా?"

సారక్క జిగురు ట్యూబు కింద పెట్టింది. "ఖాళీగ లేదు."

"తాళం ఏసున్నది గదా!"

"తాళం ఏసుంటే ఖాళీగున్నట్టేనా, పిల్లా?"

లత ఆమె పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది — "అక్కా... ఉన్నదో లేదో తెల్వని లింగవ్వకు భయపడాల్నా, రోజు కండ్ల ముంగట తిరుగుతున్న మగ్గానికి భయపడాల్నా? ఇయ్యాల గోరు వొయ్యింది. రేపు చెయ్యి వోతే నేనేం జెయ్యాలె?"

సారక్క మళ్ళీ జిగురు ట్యూబు అందుకుంది.

ఆ వారంలోనే దిగారు.

లోపల అడుగుపెట్టి తలుపు మూయగానే లతకి చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. అంత నిశ్శబ్దం. వెనక గోడ భట్టీ గోడ — మూరెడు మందం. అటువైపు కిటికీ లేదు. తలుపు పైన మాత్రం చిన్న వెంటిలేటరు. దానికి ఎవరో చెక్క అడ్డం పెట్టి, సందుల్లో పాత చీర పీలికలు కుక్కారు. ఆ పీలికలు వదులైన చోట నుంచి మాత్రం మగ్గాల చప్పుడు సన్నగా వస్తోంది.

ఆ గదిని లత ఎంత ప్రేమగా సర్దుకుందో చెప్పాలి. గోడలకి లేత నీలం కలిపిన సున్నం తనే వేసింది. స్టీలు బిందెల కింద గోనెపట్టా పరిచింది. చెంబు తీసేసి ప్లాస్టిక్ మగ్గు పెట్టింది, కింద పడ్డా మోగకుండా. చీరల పని ఇచ్చే సేఠ్ దగ్గర మచ్చపడ్డ ముదురు నీలం థాను అడిగి తెచ్చి, గుమ్మానికి రెండు పొరల పరదా కుట్టింది. తలుపు కింది సందుకి పాత బొంతని చుట్టలా చేసి అడ్డం పెట్టింది. చివరికి స్టూలెక్కి, వెంటిలేటరులో మిగిలిన సందుల్లోకి థర్మకోలు ముక్కలు కోసి దిగ్గొట్టింది.

చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో అర్ధరాత్రి అయ్యింది.

మొదటి రోజు సంపత్ పడుకున్నవాడు సాయంత్రం దాకా పక్కకి కూడా పొర్లలేదు. లేచి, కళ్ళు నులుముకుని, ఎక్కడున్నానో తెలియనట్టు చుట్టూ చూశాడు. "అమ్మ కడుపుల పండుకున్నట్టుండె, లతా..." అన్నాడు. వారం తిరిగేసరికి ముఖానికి రంగొచ్చింది. కళ్ళకింద గుంటలు పూడాయి. లత సారక్క ఇంటికెళ్ళి మరీ చెప్పుకుంది.

సారక్క విని, "మంచిగనే ఉన్నది," అంది. రాయి ఒకటి అంటించి, "గా లింగవ్వ గుడ గిట్లనే సర్దుకున్నది అర్రను," అంది.

చలికాలం దగ్గర పడింది. దీపావళి వస్తోందంటే ఫర్సాణ్ భట్టీకి తీరికుండదు. గాంఠియా, చవాణు బస్తాలకి బస్తాలు వేయిస్తారు. తెల్లవారక ముందే నిప్పు రాజేసేవారు. వాము వాసన గల్లీ అంతా కమ్ముకునేది.

ఆ రోజుల్లోనే లత వెనక గోడ మీద మరక చూసింది.

ముందు అరచెయ్యంత. నల్లగా, మసకగా. చెమ్మేమో అనుకుని మళ్ళీ సున్నం పూసింది. నాలుగు రోజులకి మళ్ళీ తేలింది — ఈసారి కాస్త పెద్దగా. భుజంలా. ఇంకోసారి పూసింది. ఇంకోసారి తేలింది. ఇప్పుడు భుజం పైన గుండ్రంగా ఇంకో మచ్చ... ఎవరో గోడకి ఆనుకుని, తల పక్కకి వాల్చి నిద్రపోతున్నట్టు.

లత దాని మీద చెయ్యి వేసింది. గోడ వెచ్చగా ఉంది. మనిషి వీపులాగా.

చెయ్యి వెనక్కి లాక్కుంది. సంపత్‌కి చెప్పలేదు. అతను నిద్రపోతున్నాడు కదా.

తర్వాత ఒక వేకువజామున — సంపత్ ఇంకా కార్ఖానాలోనే ఉన్నాడు — మున్ని లేచి ఏడుపు అందుకుంది. చీకట్లో తడుముకుంటూ లత బిడ్డని దగ్గరికి తీసుకుంది. ఊరుకోబెడదామని నోరు తెరవబోయింది.

ష్...

లత నోరు ఇంకా తెరవలేదు.

ష్... ష్...

గోడలోంచి. మెల్లగా, ఓపిగ్గా. మున్ని ఏడుపు సగంలో ఆపేసింది. గోడ వంక చూసింది. మెడ లత భుజం మీద వాల్చేసింది... నిద్రపోయింది.

తెల్లారేదాకా లత అలాగే కూర్చుంది — బిడ్డని కిందకి దించడానికి కూడా భయపడి.

ఆ తర్వాత గదిలో నిద్ర మరీ ఎక్కువైపోయింది. ఇల్లంతా పాకి తిరిగే మున్ని ఎక్కడ కూర్చోబెడితే అక్కడే వాలిపోయేది. సంపత్ లేచినా తల పట్టుకుని కూర్చునేవాడు. అడిగిందే మళ్ళీ అడిగేవాడు. లత రాళ్ళంటిస్తూ అంటిస్తూ ఉండగానే చెయ్యి ఒళ్ళోకి జారిపోయేది. మెలకువగానే ఉండేది, కానీ లేవబుద్ధి అయ్యేది కాదు. గుండెల మీద మెత్తటి బరువు. జిగురు ఆరిపోయేది. పొయ్యి మీద పప్పు మాడిపోయేది.

ఒక సాయంత్రం సంపత్ డబ్బా సర్దుకుంటుంటే లత దగ్గరికొచ్చింది.

"ఇగో... ఈ అర్ర ఇడ్శిపెడ్దామా?" గుసగుసగా అంది.

"ఎందుకు? మంచిగ నిద్ర వడ్తున్నది గదా," అతనూ గుసగుసగానే అన్నాడు.

"మరీ మంచిగ వడ్తున్నది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "లతా... మనం ఎందుకు గింత మెల్లగ మాట్లాడుతున్నం?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎప్పటి నుంచి అలా మాట్లాడుకుంటున్నారో ఇద్దరికీ గుర్తు లేదు. ఆ గదిలో ఎవరూ గొంతెత్తి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"దీపావళి వోనియ్యి. వేరే చూద్దాం," అన్నాడు సంపత్.

దీపావళికి ఇంకా కొద్ది రోజులే ఉంది. భట్టీ రాత్రీ పగలూ మండుతోంది. ఆ రోజు సంపత్ షిఫ్ట్ దిగొచ్చి, రెండు ముద్దలు తిని పడుకున్నాడు. మున్నిని అతని పక్కన పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, లత చీరల మూట నెత్తిన పెట్టుకుంది. సారక్కతో కలిసి సేఠ్ దుకాణానికి బయల్దేరింది. పండగ ముందు పని అప్పజెప్పకపోతే మళ్ళీ పని ఇవ్వడు.

సేఠ్ దుకాణం దగ్గర ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. సారక్క వరసలో ముందుకెళ్ళింది. లత వెనక నిలబడి మూట సర్దుకుంటోంది. పక్కనే షట్టర్ వేసిన దుకాణం మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. కొంగు తల మీదుగా ముందుకి లాక్కుని, మోకాళ్ళు ముడుచుకుని.

"పిల్లా..."

లత తిరిగి చూసింది.

"నీ బిడ్డ లేస్తలేదు, పిల్లా. ఉరుకు."

అంతే. ఎవరు నువ్వు, నీకెలా తెలుసు అని అడగాలని కూడా తోచలేదు. మూట అక్కడే పడింది. లత పరిగెత్తింది. వెనక సారక్క "ఏమైందే! ఏమైందే!" అంటూ వస్తోంది. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. కూరగాయల బళ్ళు, సైకిళ్ళు, టపాకాయల దుకాణాలు... గల్లీ మలుపు... చివరి గది.

తలుపు తోసింది. బొంత అడ్డం పడి తెరుచుకోలేదు. భుజంతో గుద్దింది.

లోపల చీకటి. బయట ఎండకి అలవాటుపడిన కళ్ళకి ఏమీ కనపడలేదు.

వినపడింది మాత్రం.

ష్...

"మున్నీ!"

ష్... ష్... ష్...

తడుముకుంటూ వెళ్ళి బిడ్డని ఎత్తుకుంది. ఒళ్ళు వెచ్చగానే ఉంది — కానీ మెడ నిలవలేదు. చేతులు గుడ్డపీలికల్లా వేలాడాయి. సంపత్‌ని కాలితో తట్టింది. చెంప మీద కొట్టింది. అతను కదల్లేదు. తలుపులోంచి పడుతున్న వెలుగులో ముఖం కనిపించింది. పెళ్ళినాడు కూడా అంత కళగా లేదు. ఎర్రగా, నిండుగా, హాయిగా...

ముఖం కూడా వాడలేదట. నిద్రపోతున్నట్టే ఉందట.

లతకి రెప్పలు వాలాయి. కూర్చోవాలనిపించింది. కాసేపు... ఒక్క నిమిషం... బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుంటే చాలు. గోడ వెచ్చగా ఉంటుంది.

ష్...

అప్పుడు లత అరిచింది. ఆ గదిలో దిగిన నాటి నుంచి గొంతులో అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది. "నోరు ముయ్యే! ముయ్యి! లింగవ్వా! దొంగముండా! నువ్వు సచ్చింది సాలదా? నా ఇల్లే దొరికిందా నీకు? ఇడ్శిపెట్టు నా మొగణ్ణి!"

పరదా పట్టుకుని లాగింది. కర్రతో సహా ఊడి వచ్చింది. బిడ్డని గుమ్మంలోకొచ్చిన సారక్క చేతుల్లో పడేసి, మళ్ళీ లోపలికి ఉరికింది. మూలనున్న రోకలి తీసి వెంటిలేటరు చెక్క మీద గుద్దింది — ఒకటి, రెండు, పగిలేదాకా. థర్మకోలు, పీలికలు, పెచ్చులు నెత్తిన పడ్డాయి. మొగుడి చంకల కింద చేతులు వేసి లాగింది. లాగలేకపోయింది. తిడుతూనే ఉంది. లాగుతూనే ఉంది. కేకలకి పక్క గదిలోని ఒడియా కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి అతన్ని కాళ్ళూ చేతులూ పట్టి గల్లీలోకి మోసుకొచ్చారు.

సారక్క ఒళ్ళో, బయటి గాలికి, మున్ని పెదవులు కదిలాయి. చిన్న మూలుగు. తర్వాత దగ్గు. తర్వాత — ఏడుపు.

ఆ ఏడుపు విని లత గల్లీ మధ్యలో కూలబడిపోయింది.

ఆసుపత్రిలో ఇద్దరికీ ముక్కుకి ఆక్సిజన్ గొట్టాలు పెట్టారు. డాక్టరమ్మ లతని పక్కకి పిలిచి అడిగింది. "ఘర్ మే క్యా జలాతే హో?"

ఇంట్లో ఏం మండించలేదు, పొయ్యి కూడా వెలిగించలేదు, అని లత వచ్చీరాని హిందీలో చెప్పింది. డాక్టరమ్మ నమ్మలేదు. ఇంట్లో కాకపోతే ఇంటి పక్కన ఏం మండుతోందో చూడమంది.

చూశారు. మర్నాడు భట్టీ ఆర్పించి, మేస్త్రీ వచ్చి ఆ నల్ల మరక ఉన్నచోట సమ్మెటతో కొట్టాడు. పెచ్చు ఊడింది. వెనక ఇటుకల మధ్య భట్టీ పొగగొట్టం — ఎప్పుడో పగిలింది. చుట్టూ బెత్తెడు మందాన మసి. అటువైపు భట్టీకి గాలి కొట్టే పంకా వేసి చూపించారు. పగుల్లోంచి ష్... అని వచ్చింది.

అదే. అంతే. వాసన లేని విషపు గాలి. తలుపులు తెరిచి ఉంటే తలనొప్పితో పోతుంది. సందు లేకుండా మూసుకుంటే మనిషిని మెల్లగా జోకొట్టి తీసుకుపోతుంది. లింగవ్వని తీసుకుపోయిందీ అదే. వెంటిలేటరులో దొరికిన ఆ చీర పీలికలు ఆమె చీరవేనని సారక్క గుర్తుపట్టింది. మొగుడి నిద్ర చెడకూడదని తన చేతులతో తనే కుక్కుకుంది పాపం.

గల్లీలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దెయ్యం లేదు, పాడూ లేదు, పగిలిన గొట్టం! ఒడియా కుర్రాళ్ళు మేస్త్రీ ముందు ష్... ష్... అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకున్నారు కూడా. మకాన్‌మాలిక్ గొట్టం మార్పించాడు. గోడ కట్టించాడు.

సంపత్ కోలుకోవడానికి నెల పట్టింది. మున్ని వారంలోనే మళ్ళీ ఇల్లంతా పాకింది. సారక్క ఇంటికి ఎదురుగా రెండు కిటికీలున్న గది తీసుకున్నారు. చప్పుడు మామూలే. సంపత్‌ని కార్ఖానాలో బతిమాలుకుంటే పగటి షిఫ్ట్ దొరికింది. రాత్రిపూట కిటికీలు బార్లా తెరిచి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడు. కూతురు మీదెక్కి తొక్కుతుంటే లేస్తాడు. లత ఇప్పుడు గిన్నెలు ఠంగుమని మోగిస్తూ తోముతుంది. అరిచి మాట్లాడుతుంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ సారక్క గుమ్మంలో కూర్చుని రాళ్ళంటిస్తున్నారు. ఎర్ర చీర ఒకటి బాగా వచ్చింది. లత దాన్ని ఎత్తి పట్టుకుని చూసుకుంది.

"అక్కా, సేఠ్‌ను అడిగి ఇసొంటిది ఒక చీర నేను కొనుక్కుంట. ఆమెకు పెట్టాలె."

"ఎవలికి?"

"ఆ పొద్దు నన్ను ఉరుకుమన్న ఆమెకు. సేఠ్ దుకాణం పక్కన మెట్ల మీద కూసున్నది. నువ్వు జర ముంగటున్నవ్. ఆమె చెప్పకుంటే నేను ఇంకా అక్కడ్నే నిలవడుదు గదా. ఎవలో ఏమో, మల్ల కనవడలే. ఈ గల్లీ ఆమెనే అయ్యుంటది. లేకుంటే నా బిడ్డ లేస్తలేదని ఎట్ల తెలుస్తది?"

"ఏమన్నది?"

"నీ బిడ్డ లేస్తలేదు పిల్లా, ఉరుకు — అన్నది. గంతే."

సారక్క చేతిలో రాయి జారి చీర మడతల్లో పడిపోయింది. వెతకలేదు.

"గట్లనే అన్నదా? మన మాటల్నే?"

"మన మాటల్నే అక్కా..." లత ఆగిపోయింది. అప్పటిదాకా అది తట్టనే లేదు. సొంత మాట కదా, చెవికి అడ్డం తగల్లేదు.

సారక్క గల్లీ వైపు చూసింది. పక్క గుమ్మంలో మరాఠీ ఆమె బియ్యం ఏరుతోంది. ఆ పక్కన బిహారీ వాళ్ళు. ఆ పైన ఒడియా వాళ్ళు.

"ఈ గల్లీల తెలుగు మాట్లాడే ఆడోళ్ళం మనమిద్దరమే, లతా. నువ్వు... నేను."

లత చీర కిందకి దించింది. ఆ చీకటి గదిలో తను ఎవరిని, ఎన్నెన్ని మాటలు తిట్టిందో ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

"ఇంతకు ముంగట ఇంకొకామె ఉండె," అంది సారక్క.

పేరు చెప్పలేదు.